ఇంట్లో కర్రని తినేది ఏ పురుగు? మందు కొట్టకముందే పోల్చుకోవడం ఎలా

తలుపు చట్రం తడితే డొల్లగా మోగిందనో, మంచం కింద తెల్లటి పొడి రాలుతోందనో కనిపెట్టగానే ఎక్కువమంది అనే మాట ఒక్కటే, చెదలు పట్టాయి అని. ఆ మాట మీదే చెదల మందు కొట్టిస్తారు, నేలలో బెజ్జాలు వేయించి మందు పోయిస్తారు, కొన్నాళ్ళకి మళ్ళీ అదే మంచం కింద అదే పొడి. మందు నకిలీదని తిట్టుకుంటారు గానీ అక్కడ ఉన్నది చాలాసార్లు చెద కాదు, పుప్పి పురుగు. అది పుట్టేదీ పెరిగేదీ ఆ కర్ర లోపలే కాబట్టి నేలలో పోసిన మందు దాని దాకా వెళ్ళదు. దీనికి తలకిందులుగా జరిగేవీ ఉన్నాయి. చెట్టు కొట్టిన కొత్తలో, దుంగ పచ్చిగా ఉన్నప్పుడే ఏదో పురుగు తొలిచి వదిలేసిన పాత చిల్లులు చూసి హడలిపోయి, ఇంకో యాభై ఏళ్ళు నిలిచే తలుపుని తీసి పారేసేవాళ్ళు ఉన్నారు. ఇది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, మంచి కర్ర అంత తేలిగ్గా దొరికేది కాదు.

కాబట్టి రెండే ప్రశ్నలు పెట్టుకోండి. ఏ పురుగు? అది ఇప్పుడు కూడా లోపల ఉందా? వీటికి జవాబు దొరికేదాకా ఏ మందూ కొనొద్దు. కర్రని తినే పురుగుల పని చాలా నెమ్మది, కొన్ని వారాలు ఆగి జాగ్రత్తగా చూసుకుంటే కొంప మునగదు. దూలం కుంగిందనో, మెట్టు ఊగుతోందనో అనిపిస్తే మాత్రం ఆగొద్దు, ముందు దానికి ఆసరా పెట్టించి తర్వాత పురుగు సంగతి చూడండి.

పురుగుని వెతక్కండి, అది వదిలినదాన్ని వెతకండి

కర్రని తింటున్నన్నాళ్ళూ ఈ పురుగులు వెలుతురులోకి రావు. చెద మట్టి గొట్టంలోనో కర్ర లోపలో ఉంటుంది, పుప్పి పురుగు పిల్లగా ఉన్నన్నాళ్ళూ కర్ర దాటి బయటికి రాదు, రెక్కలొచ్చి బయటపడ్డాక బతికేది కొద్ది వారాలే. అందుకని పురుగు కనపడలేదంటే పురుగు లేదని కాదు. మీకు కనపడేవి మూడు: మట్టి, పొడి, చిల్లు. ఈ మూడింటిని చదవడం వస్తే తొంభై పాళ్ళు పని అయిపోయినట్టే.

కావలసిన సామాను ఇంట్లోనే ఉంటుంది. మంచి టార్చి, కొన సన్నగా ఉన్న స్క్రూడ్రైవర్, మిల్లీమీటర్లున్న స్కేలు, ఒక తెల్ల కాగితం, ఒక నల్ల కాగితం, పెన్సిల్, పారదర్శక టేపు. భూతద్దం ఉంటే మంచిది, లేకపోతే ఫోన్ కెమెరాని దగ్గర పెట్టి ఫోటో తీసి పెద్దది చేసి చూడండి, చాలావరకు సరిపోతుంది. టార్చి వెలుగుని కర్ర మీద నేరుగా కొట్టకుండా పక్కనుంచి ఏటవాలుగా పడేలా పట్టుకోండి, రంగు కింద ఉబ్బులూ సన్నటి చిల్లులూ అప్పుడు నీడ పడి బయటపడతాయి. చూడాల్సిన చోట్లు ఎప్పుడూ మనం చూడని చోట్లే: అలమర వెనక వైపు, సొరుగుల అడుగు, మంచం పట్టీ లోపలి అంచు, సింకు కింద చెక్క, ద్వారబంధం నేలని తాకే చోటు, అటక మూలలు.

మట్టి కనిపిస్తే

కర్ర మీదో గోడ మీదో మట్టి గీత కనిపిస్తే అది నేల చెద, ఇందులో అనుమానం దాదాపు ఉండదు. గూడు నేలలో ఉంటుంది, తిండి కోసం పైకి వస్తుంది, వచ్చే దారిలో ఎండకి, గాలికి ఒళ్ళు ఎండిపోకుండా మట్టి, ఎంగిలి, పెంట కలిపి పెన్సిల్ మందాన గొట్టం కట్టుకుంటుంది. చెద ఒళ్ళు మెత్తన, చర్మం పల్చన, తడి లేకపోతే చచ్చిపోతుంది, ఈ ఒక్క విషయం గుర్తుంటే దాని నడవడి అంతా అర్థమవుతుంది. నేలకి అంటిన కర్ర, కారే పైపు పక్క గోడ, చెమ్మ పట్టిన మూల దానికి ఇష్టమైన చోట్లు అవుతాయి. పై అంతస్తులో చెద కనపడితే నేల నుంచి దారి ఉందా అని వెతకండి, దానితో పాటు అక్కడ నీళ్ళు ఎక్కడ కారుతున్నాయో కూడా వెతకండి, ఎందుకంటే ఎడతెగని తడి దొరికితే కొన్ని రకాలు నేలతో పని లేకుండా పైనే నిలదొక్కుకోగలవు.

చెద తిన్న కర్ర పైకి బాగానే కనపడుతుంది, రంగు చెక్కుచెదరదు, పొడి రాలదు. వేలి కణుపుతో తట్టి చూడండి, మంచి కర్ర గట్టిగా మోగుతుంది, తిన్న కర్ర డొల్లగా మోగుతుంది. స్క్రూడ్రైవర్ కొన ఆనించి నొక్కితే దిగబడిపోతుంది. లోపల తెరిచి చూస్తే పోగుల వెంబడి మెత్తటి భాగం తినేసి గట్టి పొరలు మిగిల్చి ఉంటుంది, ఆ పొరల మధ్య మట్టి మరకలు, మట్టి ముద్దలు. ఈ మట్టే అసలైన సాక్ష్యం, మరే కర్రపురుగూ లోపలికి మట్టి తేదు.

గొట్టంలో చెద ఇప్పుడు తిరుగుతోందో లేదో తెలుసుకోవడానికి గొట్టం మొత్తం గీకేయకండి. మధ్యలో వేలెడు ముక్క మాత్రం తీసి రెండు కొసలూ అలాగే ఉంచండి. పగిలినప్పుడు లోపల తెల్లటి మెత్తటి పురుగులు పరిగెడితే సంగతి అప్పుడే తేలిపోయింది. కనపడకపోతే కొన్ని రోజులు ఆగి చూడండి, తీసిన చోట తడి మట్టితో అతుకు పడితే చెద ఉన్నట్టే. అతుకు పడకపోతే మాత్రం చెద ఇల్లు వదిలి పోయిందని అనుకోవద్దు, ఆ దారి వదిలేసి ఇంకో దారి పట్టి ఉండొచ్చు. ఇక్కడే చాలామంది చేసే పని ఒకటుంది, గొట్టం కనపడగానే దొరికిన స్ప్రే కొట్టేయడం. పైన ఉన్న నాలుగు పురుగులు చస్తాయి, మిగతావి దారి మార్చుకుంటాయి, ఆ తర్వాత వచ్చి చూసేవాళ్ళకి జాడ కూడా దొరకదు. చూసుకునే పని పూర్తయ్యేదాకా దాన్ని కదిలించకండి.

గోడ మూలల్లో బొటనవేలంత మట్టి ముద్దలు విడివిడిగా అంటుకుని ఉంటే అవి మట్టిగూడు కట్టే కందిరీగలవి. నేల నుంచి గీత ఉండదు, పగలగొడితే లోపల సాలీళ్ళో, కందిరీగ పిల్లో ఉంటుంది. కర్రకి దానివల్ల హాని లేదు.

పొడి కనిపిస్తే, అసలు పని ఇక్కడే

రాలిన పొడిని తెల్ల కాగితం మీదకి తీసుకోండి. చీపురుతో ఊడ్చి పడేయడం తేలిక, కానీ ఆ చిటికెడు పొడిలో పురుగు పేరు రాసి ఉన్నంత పని ఉంది. వేళ్ళ మధ్య రుద్దండి, తర్వాత భూతద్దంలో చూడండి.

సన్నటి గింజల్లా జారుతూ, గట్టిగా ఉండి, నొక్కితే నలగకపోతే అది పొడి కాదు, పొడికర్ర చెదల పెంట, అంటే ఎండిన కర్రలోనే కాపురం ఉండే చెదలది. పెద్దది చేసి చూస్తే ఒక్కో గింజ మిల్లీమీటరు దాకా పొడవు, ఆరు పలకలు, కొసలు గుండ్రం, పలకలు కొంచెం లోపలికి నొక్కుకుపోయినట్టు కనపడతాయి. అన్నీ ఒకే సైజులో ఉంటాయి, తిన్న కర్ర రంగుని బట్టి లేత గోధుమ నుంచి నలుపు దాకా రంగు మారుతుంది. ఇంట్లో కర్రని తినే మరే పురుగు పెంటకీ ఈ ఆరు పలకలు ఉండవు. ఈ చెదకి నేలతో గానీ తడితో గానీ పని లేదు, కర్రలో ఉండే కొద్దిపాటి తేమే దానికి చాలు, అందుకే పెంటలోంచి నీళ్ళన్నీ పీల్చుకుని గట్టి గింజలుగా వదులుతుంది, పలకలు పడేది అలాగే. లోపల గింజలు ఎక్కువైతే సన్నటి చిల్లు చేసి బయటికి తోసేసి మళ్ళీ మూసేస్తుంది. అందుకే కుప్ప కనపడుతుంది గానీ దాని పైన చిల్లు వెతికితే ఒక పట్టాన దొరకదు. ఇలాంటి కర్రని తెరిస్తే గదులు పోగులకి అడ్డంగా కూడా వెళ్ళి ఉంటాయి, గోడలు నున్నగా, శుభ్రంగా ఉంటాయి, మట్టి మచ్చ కూడా కనపడదు. నేల చెదతో పోలిస్తే వీటి గుంపు చాలా చిన్నది, పెరగడానికి ఏళ్ళు పడుతుంది, ఒక కుర్చీలోనే ఒక గుంపు మొత్తం కాపురం ఉండగలదు.

ఇక నిజంగా పొడి అయితే, అది పుప్పి. అందులో కూడా ఒక్క రకం కాదు.

వేళ్ళ మధ్య టాల్కం పౌడర్ లాగా ఏమాత్రం గరుకు లేకుండా జారిపోతే, చిల్లు గుండ్రంగా 1 నుంచి 2 మిల్లీమీటర్లు ఉంటే, కర్ర కొనో చేయించో ఇంకా ఎన్నో ఏళ్ళు కాకపోతే, అది లిక్టస్ జాతి పుప్పి పురుగు. కొత్త ఫర్నిచర్‌లో కనపడే పొడి ఎక్కువగా దీనిదే. దీనికి కావలసింది కర్రలో ఉండే పిండి పదార్థం, అది ఉండేది చేవ చుట్టూ, అంటే మాను నడుమ ఉండే ముదురు గట్టి కర్ర చుట్టూ, ఉండే లేత రంగు పొరలో. చేవ కర్రని ఇది ముట్టదు. టేకు అయితే పురుగు పట్టదు అనే మాట సగమే నిజం, టేకు చేవకి పట్టదు గానీ దాని పక్కనున్న తెల్ల పొరకి శుభ్రంగా పడుతుంది, తలుపు పలకలో ఒక అంచు మాత్రమే పొడిగా మారి మిగతాది ఇనుములా ఉండటానికి కారణం ఇదే. రబ్బరు చెక్క, మామిడి చెక్క లాంటివాటిలో చేవ, పొర తేడా పెద్దగా ఉండదు కాబట్టి లోపల మొత్తం తినేసి పైన రేకులాంటి తొడుగు మిగిల్చిపోతుంది.

ఇంకో గుర్తు చాలా ఉపయోగపడుతుంది. ఈ పురుగు గుడ్లు పెట్టేది కర్రలో సహజంగా ఉండే సన్నటి గొట్టాల్లో, నీళ్ళు పైకి ఎక్కే దారుల్లో. పైన్, దేవదారు లాంటి సూదాకుల చెట్ల కర్రలో అలాంటి గొట్టాలు ఉండవు, కాబట్టి ఆ కర్రలో లిక్టస్ ఉండదు. పైన్ చెక్కలో పొడి రాలుతుంటే వేరే పురుగుని అనుమానించండి.

అలాగే పాలిష్ కొట్టిన కర్ర మీద ఇది గుడ్లు పెట్టలేదు, గొట్టాల నోళ్ళు మూసుకుపోతాయి. మరి పాలిష్ చేసిన కొత్త మంచంలో పొడి ఎందుకు రాలుతోంది అంటే, పాలిష్ కొట్టకముందే, చెక్క మిల్లులోనో గోదాములోనో ఉన్నప్పుడే గుడ్లు పడిపోయాయి. పిల్ల పురుగు లోపల నెలల తరబడి తిని, మామూలుగా ఏడాది లోపో అటూ ఇటూగానో రెక్కలొచ్చి పాలిష్‌నీ లామినేట్‌నీ చీల్చుకుని బయటికొస్తుంది. మీరు చూసే చిల్లు అది వెళ్ళిపోయిన దారి. చిల్లులోకి సిరంజితో మందు ఎక్కిస్తే ఎక్కువసార్లు ఖాళీ గదిలోకి ఎక్కించినట్టే, లోపల ఇంకా తింటున్నవి వేరే సొరంగాల్లో ఉంటాయి, వాటి సొరంగాలు పొడితో దట్టించి ఉంటాయి కాబట్టి మందు అక్కడికి పారదు.

పొడి కొంచెం గరుకుగా, ఇసుక కలిసినట్టు తగిలితే, కర్ర పాతదైతే, చెమ్మ పట్టే చోట ఉంటే, అది అనోబియం జాతి, ఇంగ్లీషులో ఫర్నిచర్ బీటిల్ అనేది. చిల్లు సైజు లిక్టస్‌కి దగ్గరగానే 1.5 నుంచి 2 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి చిల్లు చూసి తేల్చలేరు, పొడి చూసే తేల్చాలి. పెద్దది చేసి చూస్తే రెండు కొసలూ సన్నగా, నడుమ లావుగా ఉన్న చిన్న చిన్న గింజలు కనపడతాయి. ఇది చల్లటి, తేమగా ఉండే ప్రాంతాల పురుగు, సూదాకుల కర్రనీ వెడల్పాకుల కర్రనీ రెండింటినీ తింటుంది, పిల్లగా లోపల రెండు నుంచి ఐదేళ్ళు ఉంటుంది. గది వేడిగా, పొడిగా ఉంచితే తనంతట తాను తగ్గిపోతుంది. దీని బంధువే డెత్‌వాచ్ బీటిల్, చిల్లు 3 మిల్లీమీటర్ల దాకా, ఐరోపాలో పాత ఓక్ దూలాల్లో ఎక్కువ. జత కోసం తలని కర్రకి టక్ టక్ అని కొట్టుకుంటుంది, రాత్రుళ్ళు మంచాన పడ్డ మనిషి పక్కన మేలుకుని కూర్చున్నవాళ్ళకి ఆ నిశ్శబ్దంలో వినపడేది కాబట్టి చావుకి శకునం అనుకుని ఆ పేరు పెట్టారు.

చిల్లు కొంచెం పెద్దదై, 3 నుంచి 6 మిల్లీమీటర్లు ఉండి, పొడి సొరంగంలో గట్టిగా దట్టించి ఉంటే బోస్ట్రిచిడ్ జాతి. దీని ఒళ్ళు గుండ్రటి గొట్టంలా ఉంటుంది, తల కిందికి వంగి పై నుంచి చూస్తే కనపడదు. మిగతావాటికీ దీనికీ పెద్ద తేడా, పెద్ద పురుగే కర్రలోకి తొలుచుకుని వెళ్ళి గుడ్లు పెడుతుంది, అంటే ఇక్కడ చిల్లు లోపలికి వెళ్ళిన దారి కూడా కావచ్చు. ఇందులోనే వెదురుని తినే చిన్న రకం ఉంది, దాని చిల్లు ఇంకా సన్నం. వెదురు బుట్టలు, తడికలు, నిచ్చెనల కింద కుప్పలుగా పడే పొడి దానిదే. వెదురులో పిండి పదార్థం ఎక్కువ, అందుకే కొట్టిన వెదురుని వారాల తరబడి నీళ్ళలో నానబెట్టడం పాతకాలం నుంచీ ఉంది, అందులో నిజమైన లాభం ఉంది.

చిల్లు గుండ్రంగా కాక కోలగా, పొడవు వైపు 6 నుంచి 10 మిల్లీమీటర్లు ఉంటే, కర్ర పైన్ లాంటిదైతే, పొడవాటి మీసాల పురుగు, హౌస్ లాంగ్‌హార్న్. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. పిల్ల పురుగు మూడేళ్ళ నుంచి పదేళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం లోపల తింటూ ఉంటుంది, బయట ఒక్క చిల్లూ లేకుండా పైకప్పు వాసం లోపల సగం పోవచ్చు. వేడిగా ఉన్న రోజు అటక మీద నిశ్శబ్దంగా కూర్చుంటే కొరికే చప్పుడు చెవికి వినపడుతుంది.

చిల్లు ఉంది, పొడి లేదు

సూదితో గుచ్చినంత సన్నటి గుండ్రటి చిల్లులు, అంచులు నల్లగా మరక పడి, లోపల పొడి ఏమీ లేకుండా ఉంటే ఊపిరి పీల్చుకోండి. దుంగ పచ్చిగా ఉన్నప్పుడు తొలిచే పురుగు అది. అది కర్రని తినదు, సొరంగంలో బూజు పెంచుకుని ఆ బూజు తింటుంది, నల్ల మరక ఆ బూజుదే. కర్ర ఆరగానే బూజు చస్తుంది, పురుగు చస్తుంది. మీ ఇంట్లో ఉన్న ఎండిన కర్రలో అది మళ్ళీ పుట్టే అవకాశం లేదు. ఇలాంటి చిల్లులకి మందు కొట్టడం పూర్తిగా దండగ. చిల్లు అంచులు చీల్చినట్టు కాక అందంగా కోసినట్టు ఉంటే, సొరంగం సగానికి తెగి గాడిలా కనపడుతుంటే, రంపం వేయకముందే పురుగు వెళ్ళిపోయిందని అర్థం.

వేలు దూరేంత గుండ్రటి చిల్లు, కింద ముతక రంపపు పొట్టు, చుట్టూ జుంయ్ అని తిరిగే పెద్ద నల్ల తుమ్మెద కనపడితే ఇంక వెతకక్కర్లేదు. ఆరుబయట ఉండే రంగు వేయని కర్ర, కటకటాలు, చూరు కింద వాసం, ఎండిన వెదురు దానికి కావాలి. చిల్లు కొంచెం లోపలికి వెళ్ళి ఒక్కసారిగా మలుపు తిరిగి పోగుల వెంబడి సాగుతుంది, ఆ గదుల్లో పుప్పొడి ముద్దలు పెట్టి పిల్లల్ని పెంచుతుంది. కర్రని తొలుస్తుంది గానీ మింగదు. ఒక్క ఏడాదిలో జరిగే నష్టం తక్కువ, కానీ అదే సొరంగాన్ని ఏటా పొడిగిస్తూ పోతే దూలం బలం తగ్గుతుంది. తుమ్మెదలు పూలకి చేసే మేలు చాలా పెద్దది, దయచేసి చంపొద్దు. పిల్లలు ఎగిరిపోయాక చిల్లు పూడ్చి కర్రకి రంగు వేయండి, రంగున్న కర్ర జోలికి మామూలుగా రావు.

పెద్ద నల్ల చీమలు కర్రలో గూడు పెట్టుకున్నప్పుడు కూడా పొట్టు కనపడుతుంది. అయితే ఆ పొట్టులో చీమల కాళ్ళు, తలలు, వేరే పురుగుల ముక్కలు కలిసి ఉంటాయి. లోపల గదులు గరుకు కాగితంతో రుద్దినంత నున్నగా ఉంటాయి, మట్టి ఉండదు. ఇవీ కర్రని తినవు, నాని మెత్తబడిన కర్రని తోడి బయట పడేస్తాయి. అంటే అక్కడ నీళ్ళు కారుతున్నాయని చీమలు మీకు చెబుతున్నాయి, ముందు ఆ కారడం ఆపండి.

నల్లబడి, ముట్టుకుంటే చిన్న చిన్న పలకలుగా విరిగిపోతూ, సొరంగాలు ఏమీ లేని కర్ర ఉంటే అది పురుగు పని కాదు, తడికి బూజు పట్టి కుళ్ళింది. చెమ్మ ఉన్న అలమర మీద మిల్లీమీటరు సైజులో పాలిపోయిన రంగు పురుగులు చురుగ్గా పరిగెడుతుంటే వాటిని చెద పిల్లలు అనుకుని చాలామంది భయపడతారు. అవి బూజు తిని బతికేవి. చెద ఇలా ఆరుబయట కర్ర మీద తిరగదు. గాలి ఆడితే, గది ఆరితే అవి పోతాయి.

రెక్కల పురుగులు వచ్చినప్పుడు

వాన పడ్డాక దీపం చుట్టూ మూగే ఉసుళ్ళు చెదల్లో రెక్కలున్నవి, కొత్త గూడు పెట్టడానికి బయల్దేరినవి. అవి కర్రని తినవు. బయట దీపానికి వచ్చినంత మాత్రాన టెన్షన్ పడక్కర్లేదు, చుట్టుపక్కల ఎక్కడ పుట్ట ఉన్నా వస్తాయి. తలుపులూ కిటికీలూ వేసి ఉన్నప్పుడు గది లోపలి నుంచే బయల్దేరితే, కిటికీ గట్టు మీద రాలిన రెక్కల కుప్ప ఉంటే, అప్పుడు మాత్రం గూడు ఇంట్లోనో గోడ పక్కనో ఉంది.

రెక్కల చీమలు కూడా ఇలాగే గుంపులుగా వస్తాయి, తేడా పట్టడం తేలిక. ఉసులు నడుము లావు, ఒళ్ళంతా ఒకే వెడల్పు, మీసాలు తిన్నగా ఉంటాయి, నాలుగు రెక్కలూ ఒకే పొడవు, ఒంటి కంటే చాలా పొడుగు, ముట్టుకుంటే ఊడిపోతాయి. చీమకి నడుము సన్నగా నొక్కుకుపోయి ఉంటుంది, మీసాలు మోచెయ్యిలా వంగి ఉంటాయి, ముందు రెక్కలు పెద్దవి, వెనకవి చిన్నవి. ఒక్క గుర్తే చూడాలంటే నడుము చూడండి, కళ్ళజోడు లేకుండా కూడా పట్టుకోవచ్చు.

బతికి ఉందా, ఎప్పుడో పోయిందా

ఇది తేల్చకుండా ఖర్చు పెట్టొద్దని మళ్ళీ చెబుతున్నా. కొత్త పొడి లేత రంగులో, తాజాగా కోసిన చెక్క రంగులో ఉంటుంది, వదులుగా ఉంటుంది. పాత పొడి పసుపు పచ్చబడి, దుమ్ము కలిసి, గడ్డ కట్టి ఉంటుంది. కొత్త చిల్లు అంచు పదునుగా, లోపల తెల్లగా కనపడుతుంది. పాత చిల్లులో దుమ్ము, సాలెగూడు, ఒక్కోసారి ఎప్పుడో వేసిన రంగు కూడా కనపడుతుంది. చిల్లు లోపల రంగు ఉందంటే ఆ రంగు వేయకముందే పురుగు వెళ్ళిపోయింది.

కంటితో తేలకపోతే ఇలా చేయండి. పొడి మొత్తం బ్రష్‌తో తుడిచేయండి, ఉన్న చిల్లులన్నిటి చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి పక్కన తేదీ వేయండి, ఫోటో తీసి పెట్టుకోండి. కింద నల్ల కాగితం పరచండి. తర్వాత ఆ వస్తువుని కదపకండి, ఇది ముఖ్యం, ఎందుకంటే పాత సొరంగాల్లో ఉండిపోయిన పొడి గానీ చెద గింజలు గానీ మంచం జరిపినప్పుడు, తలుపు గట్టిగా కొట్టుకున్నప్పుడు రాలుతూనే ఉంటాయి, పురుగు చచ్చి ఏళ్ళు గడిచినా రాలుతాయి. కాగితం మీద మళ్ళీ పొడి పడితే, గీత లేని కొత్త చిల్లు కనపడితే అది బతికి ఉంది. పుప్పి పురుగులు ఎక్కువగా బయటపడేది వాతావరణం వెచ్చబడ్డాక, కాబట్టి చలి నెలల్లో చూసి ఏమీ లేదని తేల్చేయకండి, ఒక వెచ్చని కాలం గడిచేదాకా గమనించండి. ఆ రోజుల్లో కిటికీ గట్లు కూడా చూస్తుండండి, రెక్కలొచ్చిన పుప్పి పురుగులు వెలుతురు వైపు ఎగిరి అక్కడ చచ్చి పడతాయి. 3 నుంచి 6 మిల్లీమీటర్ల పొడుగు, సన్నగా, చదునుగా, ఎర్రటి గోధుమ రంగులో ఉంటే లిక్టస్. మెడ తలని కప్పేసి టోపీ పెట్టుకున్నట్టు కనపడితే అనోబియం.

పేరు తెలిశాక ఏం చేయాలి

నేల చెద అయితే కర్ర మీద కాదు, నేల దగ్గర పని జరగాలి. చెమ్మ ఆపాలి, నేలకి తగిలే కర్రని విడదీయాలి, మట్టిలో మందు లేదా ఎర పెట్టే పని తెలిసినవాళ్ళ చేత చేయించాలి. పొడికర్ర చెద ఒక్క వస్తువులోనే ఉంటే ఆ వస్తువు వరకు చూసుకుంటే చాలు, ఇల్లంతా తవ్వక్కర్లేదు.

పుప్పికి బాగా పనిచేసేది వేడి. దేశాల మధ్య తిరిగే ప్యాకింగ్ చెక్కకి పెట్టిన ఐఎస్‌పీఎం 15 నియమం ప్రకారం చెక్క నడిమధ్య కూడా 56 డిగ్రీల సెల్సియస్ వేడి కనీసం 30 నిమిషాలు నిలవాలి. ఎండలో పెడితే పై పొర కాలుతుంది గానీ లావు కర్ర నడుమ ఆ వేడి చేరదు, అందుకే ఎండకి పెట్టినా పోలేదండీ అనే మాట వింటుంటాం. చిన్న వస్తువులైతే గాలి చొరని కవర్‌లో చుట్టి మైనస్ 20 డిగ్రీల డీప్ ఫ్రీజర్‌లో ఒకటి రెండు వారాలు ఉంచడం మ్యూజియంల వాళ్ళు చేసే పద్ధతి. పాలిష్ లేని ఉత్త కర్రకైతే బోరాన్ ఉప్పు మందు పూస్తే లోపలికి ఇంకుతుంది, పాలిష్ మీద పూస్తే ఇంకదు. కిరోసిన్, పెట్రోలు, వాడేసిన ఇంజన్ ఆయిల్ మాత్రం చిల్లుల్లో పోయొద్దు. లోపలున్న పురుగు దాకా సరిగ్గా చేరవు, ఇంట్లో నిప్పు ప్రమాదం తెచ్చిపెడతాయి, ఆ తర్వాత ఏ పాలిష్ కూడా ఆ కర్రకి అంటదు.

ఇంత చూశాక కూడా తేల్చుకోలేకపోతే నమూనాలు దాచండి. దొరికిన పురుగుని చిన్న సీసాలో శానిటైజర్‌లోనో స్పిరిట్‌లోనో వేయండి, రెక్కల్ని టేపుకి అంటించి తెల్ల కాగితం మీద అతికించండి, పొడిని మడతపెట్టిన కాగితంలో విడిగా ఉంచండి. చిల్లు పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి. కర్ర ఏ రకమో, ఎన్నేళ్ళదో, పాలిష్ ఉందో లేదో, పక్కన తడి ఉందో లేదో నాలుగు ముక్కలు రాసి పెట్టండి. మందు కొట్టడానికి వచ్చినవాళ్ళని ముందు ఇవి చూసి పురుగు పేరు చెప్పమనండి, ఏ గుర్తుని బట్టి ఆ పేరు చెబుతున్నారో కూడా అడగండి. ఏ పురుగైనా ఒకటే మందండీ అనే జవాబు వస్తే వేరేవాళ్ళని పిలవండి.